ఒకటో తారీఖు లేని ఉద్యోగం

"అబ్బాయి ఉద్యోగం మానేసి పేకాడతానంటున్నాడు."

ఈ మాట మన ఇళ్లలో ఏ వంటింట్లో వినబడినా పొయ్యి మీది పాలు పొంగి నేలపాలు కావలసిందే. తల్లి కొంగుతో కళ్లొత్తుకుంటుంది. తండ్రి చదువుతున్న పేపరు మడిచి పక్కన పెడతాడు. మేనమామకి కబురు వెడుతుంది. ఆయన వచ్చి, మడత కుర్చీలో కూర్చుని, ధర్మరాజుతో మొదలుపెట్టి, నలమహారాజు మీదుగా, ఆ వీధిలోనే ఇల్లు అమ్ముకుపోయిన ఫలానా వారి దాకా వస్తాడు. అక్కడితో ఆ ప్రస్తావన ముగిసినట్టే.

అమెరికాలో మాత్రం అలా ముగియడం లేదు. అక్కడా తల్లులకి దిగులే, అక్కడా మేనమామలున్నారు. ఐతే అక్కడ పోకరు అనే ఆట ఒకటున్నది. దాని మీద సంసారం నడుపుకొస్తున్నవాళ్లు నిజంగానే కొందరున్నారు. అంచేత లెక్కల గుమాస్తాలు, ప్లీడర్లు, ఇంజనీర్లు కాగితం, పెన్సిలు పుచ్చుకుని, ఒక పక్క జీతం, ఒక పక్క ఆట మీద గంటకి వచ్చేది వేసుకుని, "మానేద్దామా, వద్దా" అని తర్జనభర్జన పడుతుంటారు. జూదం తప్పు అన్న ఒక్క ముక్కతో తేలిపోయే ప్రశ్న కాదిది. లెక్క వేసి చూడవలసిన ప్రశ్న.

ముందుగా ఆట సంగతి. మన మూడుముక్కలాటకి ఇది వరసకి అన్నగారి వంటిది. ఇప్పుడు ఎక్కువగా ఆడే పద్ధతిలో ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు బోర్లా పంచుతారు. తరవాత బల్ల మధ్య అందరికీ కలిపి ముందు మూడు, ఆనక ఒకటి, ఆఖరుకి ఇంకొకటి వెల్లకిలా వేస్తారు. ప్రతి దశలోనూ పందెం. ఇష్టం లేనివాడు ముక్కలు పారేసి తప్పుకోవచ్చు. చివరిదాకా నిలిచినవాళ్లలో తన రెండూ, బల్ల మీది అయిదూ కలిపి ఏడింటిలో మేలైన అయిదు ముక్కలు ఎవరికి కుదిరితే సొమ్ము వాడిది. లేదా, చేతిలో ఏమీ లేకపోయినా గట్టిగా పందెం కాసి మిగతావాళ్లందరినీ బెదరగొట్టి పంపేస్తే అప్పుడూ వాడిదే.

ఇందులో గమనించవలసిన విషయం ఒకటున్నది. ఆటగాళ్లు ఆడేది ఒకరితో ఒకరు. జూదశాల వాళ్లతో కాదు. వాళ్లు ప్రతి పందెం లోంచీ తమ వాటా తీసుకుని ఊరుకుంటారు. చక్రం తిప్పే ఆటలో ఎంతటి మేధావి ఐనా కలకాలం గెలవలేడు, ఆ చక్రం లెక్కే యజమాని వైపు మొగ్గి ఉంటుంది గనుక. పోకరులో అలా కాదు. పక్కవాడికంటె బాగా ఆడగలిగి, ఆ మెరుగు జూదశాల వాటాకంటె ఎక్కువగా ఉంటే, కాలం గడిచిన కొద్దీ డబ్బు మిగులుతుంది. దీన్ని వృత్తిగా పెట్టుకోవచ్చుననే వాదానికి ఆధారం ఇదే. ఆధారం గట్టిదే.

ఇక ఆ వాదానికి రెక్కలిచ్చినవాడి కథ వినండి.

లెక్కల గుమాస్తా అదృష్టం

అతని పేరు క్రిస్ మనీమేకర్. డబ్బు చేసేవాడని ఇంటిపేరు! కథలో రాసి పంపితే సంపాదకులు ఎర్రసిరాతో కొట్టేసే పేరు. కాని పుట్టుకతో వచ్చినదే. టెనెసీ రాష్ట్రంలో అకౌంటెంటు. 2003లో అతనికి 27 ఏళ్లు. ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని 86 డాలర్ల ప్రవేశ రుసుముతో ఒక పోటీ ఆడాడు. అది గెలిచి, దాని మీద మరో పోటీ గెలిచి, లాస్‌వేగాస్‌లో ఏటా జరిగే ప్రపంచ పోటీలో కూర్చునే అర్హత సంపాదించాడు. దానికి మామూలుగా 10,000 డాలర్లు కట్టాలి. ఆ ఏడు 839 మంది ఆడారు. ఎదురుబొదురుగా కూర్చుని పెద్ద పోటీ ఆడడం అతనికి అదే మొదటిసారి. గెలిచి 25 లక్షల డాలర్లు పట్టుకెళ్లాడు.

ఆఖర్న ఇద్దరే మిగిలినప్పుడు ఎదురుగా ఉన్నది సామ్ ఫర్హా అనే ఆరితేరిన ఆటగాడు. మనీమేకర్ చేతిలో రాజు, ఏడు. కలుస్తాయనుకున్న ముక్కలేవీ కలవలేదు. ఫర్హాకి తొమ్మిదుల జత కుదిరింది. నిజానికి గెలుపు ఫర్హాదే. మనీమేకర్ కనురెప్ప కదపకుండా తన దగ్గరున్నదంతా ముందుకు తోశాడు. ఫర్హా చాలాసేపు ఆలోచించి ముక్కలు పారేశాడు. ఈ బుకాయింపు టెలివిజన్లో లక్షలమంది చూశారు. చూసిన ప్రతి గుమాస్తాకీ తన చేతిలోనూ రాజు, ఏడు ఉన్నట్టే తోచింది.

అంతకుముందు జరిగిన ఇంకొక పందేన్ని అంతమంది గుర్తుపెట్టుకోలేదు. పదిమంది మిగిలి ఉండగా మనీమేకర్ దగ్గర ఆసు, రాణి. ఫిల్ ఐవీ అనే దిగ్గజం దగ్గర తొమ్మిదుల జత. బల్ల మీద రెండు రాణులు, ఆరు పడ్డాయి, మనీమేకర్‌ది పైచెయ్యి. నాలుగో ముక్క తొమ్మిది పడింది, ఐవీది పైచెయ్యి. ఇక మిగిలింది ఒక్క ముక్క. కనబడని 44 ముక్కల్లో మనీమేకర్‌ని బతికించేవి ఏడే. ఆసు పడింది. ఐవీ లేచి వెళ్లిపోయాడు. మిగతా 37లో ఏది పడినా ఈ గుమాస్తా మళ్లీ చిట్టాల దగ్గరికే వెళ్లవలసి వచ్చేదేమో! ఆ తరవాతి సంవత్సరాల చరిత్రే వేరుగా ఉండేది.

ఎందుకంటే మరుసటి ఏడు ఆ పోటీకి వచ్చినవాళ్లు 2,576 మంది. 2006లో 8,773. ఆ మూడేళ్లలో ఎన్ని రాజీనామాలు రాయబడ్డాయో ఎవరూ లెక్కపెట్టలేదు.

మనీమేకర్ కూడా ఉద్యోగం మానేశాడు, నిజమే. మానేసి ఏం చేశాడు? ఆ కంప్యూటరు ఆటల కంపెనీకే ప్రచారకుడుగా కుదిరాడు. అంటే ఒక కంపెనీ సొమ్ము వదిలి ఇంకొక కంపెనీ సొమ్ముకి మారాడన్నమాట. అతన్ని చూసి మానేసినవాళ్లకి ఈ రెండో కంపెనీ దొరకలేదు.

వదిలినవాళ్లా, వదిలించుకోబడ్డవాళ్లా

పేరుపడ్డ ఆటగాళ్ల జీవితాలు కొంచెం తరచి చూస్తే ఒక చిత్రం కనబడుతుంది. కాగితం మీద లెక్కవేసి, నిండు ఉద్యోగాన్ని కావాలని వదిలినవాళ్లు వీళ్లలో తక్కువ. కాలు జారి ఇందులో పడ్డవాళ్లే ఎక్కువ.

డాయిల్ బ్రన్సన్ సంగతి చూడండి. టెక్సాస్‌లో పుట్టి, బాస్కెట్‌బాల్‌లో మంచి పేరు తెచ్చుకున్నాడు. మోకాలు విరిగి ఆ ఆశ పోయింది. ఎమ్మే పట్టా పుచ్చుకుని, ఆఫీసుల్లో వాడే యంత్రాలు అమ్మే ఉద్యోగంలో చేరాడు. చేరిన మొదటి రోజునే ఎవరో పేకాటకి పిలిచారు. ఒక్క కూర్చోటులో నెల జీతానికి మించి వచ్చింది. త్వరలోనే ఆ ఉద్యోగానికి నమస్కారం పెట్టాడు. తరవాతి సంవత్సరాలు టెక్సాస్ ఊళ్ల వెంట దొంగచాటు ఆటలు. ఒక పక్క పోలీసులు, ఒక పక్క తుపాకీ చూపించి సొమ్ము లాక్కునే దొంగలు. 1962లో పెళ్లయింది, అయిన కొద్దికాలానికే కాన్సరు బయటపడింది. బతికి బయటపడ్డాడు. 1976లోనూ, 1977లోనూ ప్రపంచ పోటీ గెలిచాడు. 2023లో 89 ఏళ్ల వయసున పోయేదాకా ఆ రంగానికి పెద్దదిక్కుగా వెలిగాడు. అంతటివాడూ మిత్రులతో కలిసి మొదటిసారి లాస్‌వేగాస్ వెళ్లినప్పుడు ఉమ్మడి పెట్టుబడి మొత్తం ఊడ్చుకుపోయిన మాట ఆ రంగంలో అందరికీ తెలిసినదే.

2005లో 75 లక్షల డాలర్లు గెలిచిన ఆస్ట్రేలియా వాసి జో హాషెమ్ వెన్నెముక వైద్యుడు. చేతి రక్తనాళాలకి ఒక అరుదైన జబ్బు వచ్చి, రోగుల్ని పట్టి చూసే పని సాగక ఇటు తిరిగాడు. ఆయన వృత్తిని వదల్లేదు, వృత్తే ఆయన్ని వదిలింది.

ఇక స్టూ అంగర్ పేరు చెప్పాలంటే మనసు చివుక్కుమంటుంది. అంతటి తెలివైన పేకాటగాడు ఈ మధ్య పుట్టలేదని చూసినవాళ్లంటారు. 1980, 1981, 1997 — మూడుసార్లు ప్రపంచ పోటీ గెలిచాడు. మూడోసారి గెలిచిన 10 లక్షల డాలర్లలో సగం, ప్రవేశ రుసుము కట్టిన స్నేహితుడికి పోయింది. మిగతా సగం మత్తుమందులకీ, ఇతర పందేలకీ పోయింది. ఏడాదిన్నర తిరిగేసరికి, 1998 నవంబరులో, లాస్‌వేగాస్‌లో ఒక చవకరకం బసలో శవమై దొరికాడు. వయసు 45. దగ్గర దొరికిన సొమ్ము సుమారు 800 డాలర్లు.

కాని ఇలాంటి గొప్పవాళ్ల కథలు చెప్పి సామాన్యుణ్ణి అటు ఊరించడమూ, ఇటు బెదిరించడమూ రెండూ అన్యాయమే. అసలు ప్రశ్న, శుభ్రంగా పళ్లు తోముకుని, మత్తు ముట్టకుండా, బుద్ధిగా ఆడే మామూలు మంచి ఆటగాడిది.

నెల లెక్క

అలాంటివాడు ఒకడున్నాడనుకుందాం. జూదశాలలో మధ్యరకం బల్ల మీద సగటున గంటకి 25 డాలర్లు మిగుల్చుకోగలడు. ఏడాదికి రెండువేల గంటలు ఆడితే 50,000 డాలర్లు. జీతంలాగే ఉంది గదా? కాని ఆ సగటు చుట్టూ ఊపు ఒకటుంటుంది. ఆ బల్ల మీద ఒక గంటలో 250 డాలర్లు అటో ఇటో పోవడం మామూలు సంగతి. గంటలు పెరిగితే ఈ ఊపు అదే దామాషాలో పెరగదు, వర్గమూలం లెక్కన పెరుగుతుంది. వంద గంటలకి పది రెట్లు, అనగా 2,500. వంద గంటలకి రావలసిన సంపాదన ఎంత? అదీ 2,500.

ఇవి రెండూ సమానమైనప్పుడు, గణితం ప్రకారం, వంద గంటలు ఏ తప్పూ లేకుండా ఆడి కూడా చేతి సొమ్ము పోగొట్టుకుని ఇంటికి వచ్చే అవకాశం ఆరింట ఒకటి. నెలకి వంద గంటలు ఆడేవాడైతే ఏడాదిలో సుమారు రెండు నెలలు జీతం రాకపోవడమే కాక, తానే ఎదురు చెల్లించాలి. ఆ రెండు నెలలూ ఎప్పుడొస్తాయో తెలియదు. స్కూలు ఫీజు కట్టే నెలలో రావచ్చు. వరసగా రావచ్చు.

ఇదే లెక్కని తిరగేసి చూడండి. నాకు దీనికంటె అదే ముఖ్యమనిపిస్తుంది. ఏ మెరుగూ లేని, సగటున సున్న తెచ్చుకునే ఆటగాళ్లు ఆరుగురున్నారనుకోండి. వంద గంటల తరవాత వాళ్లలో ఒకడు కేవలం అదృష్టం కొద్దీ 2,500 డాలర్లో, అంతకంటె ఎక్కువో జేబులో వేసుకుని ఉంటాడు. వాడికి తాను ఘటికుణ్ణన్న నమ్మకం కుదురుతుంది. భార్యకి చీర కొంటాడు. రాజీనామా ప్రస్తావన తెచ్చేది వాడే. మిగతా అయిదుగురూ ఆ ఊసెత్తరు. అంచేత "నేను మూడు నెలలుగా గెలుస్తున్నాను" అని చెప్పేవాడు అబద్ధమాడడం లేదు. కాని ఆ మూడు నెలలూ ఏమీ రుజువు చెయ్యవు.

మరి ఎన్నాళ్లు గెలిస్తే నమ్మవచ్చు? వెయ్యి గంటలకి రావలసినది 25,000, ఊపు సుమారు 7,900. అప్పుడు వట్టి అదృష్టం అంత ఎత్తు అందుకోవడం బహు అరుదు. ఐనా గంటకి 25 అని పుస్తకంలో తేలినది అసలు 17 కావచ్చు, 33 కావచ్చు. ఉద్యోగం చేసుకుంటూ వారానికి పది గంటలు ఆడితే వెయ్యి గంటలకి దాదాపు రెండేళ్లు. రెండేళ్లపాటు గెలిచిన రోజుదీ, ఓడిన రోజుదీ, దారిఖర్చుతో సహా పైసా పైసా రాసిన ఖాతా పుస్తకం ఉన్నవాడితో మాట్లాడవచ్చును. అలాంటివాడు మహా అయితే నూటికి ఒకడుంటాడేమో. ఇది గణితం కాదు లెండి, మనుషుల్ని చూసి చెబుతున్న మాట.

ఆ 25 డాలర్లు ఎలా వస్తాయో కూడా చెప్పాలి. గంటకి ముప్పై పందేలు నడిస్తే మంచి ఆటగాడు అందులో ఏడెనిమిదింటిలోనే దిగుతాడు. మిగతా వేళంతా ముక్కలు పారేసి కూర్చోవడమే. ఆ కూర్చోవడమే ఆ వృత్తిలో పెద్ద పని. రాబడి మంచిగా ఉండేది ఎప్పుడంటే తెలియని యాత్రికులు, సెలవు దొరికిన ఉద్యోగస్తులు సరదాగా వచ్చే శుక్రవారం, శనివారం రాత్రులు, పండగ సెలవులు. పిల్లలు ఇంట్లో ఉండే రోజుల్లో తండ్రి ఉండడు. తండ్రి ఇంట్లో ఉన్న మంగళవారం పొద్దున పిల్లలు స్కూల్లో ఉంటారు.

జీతంతో పాటు పోయేవి

అమెరికాలో జీతం అంటే జీతం ఒక్కటే కాదు. వైద్యానికి బీమా చాలామందికి ఉద్యోగంతోనే వస్తుంది. ఉద్యోగం పోతే సొంతంగా కొనుక్కోవాలి. వృద్ధాప్య భృతికీ, ముసలితనపు వైద్యానికీ జీతం లోంచి 7.65 శాతం కోసి, యజమాని అంతే కలుపుతాడు. తనకి తానే యజమాని ఐనవాడు రెండూ కట్టుకోవాలి: 15.3 శాతం. దీనికి తోడు 2025లో చేసిన పన్నుల చట్టం ఒక చిత్రమైన మెలిక పెట్టింది. 2026 నుంచి జూదంలో పోయిన సొమ్ములో నూటికి 90 వంతులే రాబడి లోంచి మినహాయించుకోవాలన్నది. లక్ష గెలిచి లక్ష ఓడినవాడికి మిగిలినది సున్న. పన్ను మాత్రం పదివేలు సంపాదించినట్టుగా కట్టాలి!

అక్కడున్న మన తెలుగు పిల్లల సంగతి ఇంకా వేరు. హెచ్-1బి వీసా మీద వెళ్లినవాడికి ఉద్యోగమే వీసా. మానేస్తే దేశంలో ఉండడానికి 60 రోజుల గడువు. పేకాట ఆడి బతుకుతానంటే ఆ వీసా ఒప్పుకోదు. అంచేత వాడి విషయంలో గంటకి ఎంత అన్న లెక్కే అనవసరం.

పోటీదారుడి చేతిలో ఓడిపోవడం ఒక ఎత్తు, ప్రభుత్వం ఆటనే కట్టిపెట్టడం ఒక ఎత్తు. 2011 ఏప్రిల్ 15, శుక్రవారం నాడు అమెరికా ప్రభుత్వం కంప్యూటరు పోకరు నడిపే మూడు పెద్ద కంపెనీల చిరునామాలు జప్తు చేసింది. ఆడదామని కూర్చున్నవాళ్లకి తెర మీద న్యాయశాఖ వారి ముద్ర కనబడింది. అద్దె, పాల డబ్బు, పెట్టుబడి సమస్తం అందులోనే ఉంచుకున్నవాళ్లు వేలకొద్దీ ఉన్నారు. ఒక కంపెనీ త్వరగానే తిరిగి ఇచ్చింది. ఇంకొక కంపెనీలో చిక్కుకున్న అమెరికా ఆటగాళ్ల సొమ్ము తిరిగి రావడం మొదలైంది 2014లో.

మన దేశంలో ఈ కథ సికిందరాబాదులో మొదలయిందనవచ్చు. అక్కడి ఒక క్లబ్బులో రమ్మీ ఆడించినందుకు పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రమ్మీ ప్రధానంగా నేర్పు మీద ఆధారపడ్డ ఆట అనీ, మూడుముక్కలాట వంటిది కాదనీ 1967లో తీర్పు వచ్చింది. పోకరు కూడా అలాంటిదేనని వాదించి, ఆ తీర్పు నీడన చాలామంది వ్యాపారాలు పెట్టారు. మన యువకులు కొందరు ఫోన్లో ఆడి సంపాదిస్తూ కొలువులకి నీళ్లొదిలారు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఇంటర్నెట్ మీద డబ్బాటలు నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు నేర్పా, అదృష్టమా అన్న తేడా లేకుండా, ఇంటర్నెట్ మీద డబ్బు పెట్టి ఆడే ఆటలన్నింటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. బిల్లు ప్రవేశపెట్టి, రెండు సభల్లో నెగ్గి, రాష్ట్రపతి సంతకం పడడానికి మూడు రోజులు పట్టింది. పదేళ్లు సాధన చేసినవాడి నేర్పు ఎక్కడికీ పోలేదు. చూపించుకునే చోటు పోయింది.

వెనక్కి వచ్చినామె

యేల్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివిన వనెసా సెల్బ్‌స్ట్ అనే ఆమె సంగతి చెప్పకపోతే ఇది అసంపూర్ణమవుతుంది. పోటీల మీదనే కోటి డాలర్లు దాటి గెలిచింది. ప్రపంచ ఆటగాళ్ల జాబితాలో ఒకటో స్థానానికి చేరిన మొదటి స్త్రీ. 2017 ఆఖరుకి, ఆట వృత్తిగా విరమిస్తున్నాననీ, ఒక పెట్టుబడుల సంస్థలో ఉద్యోగంలో చేరాననీ ప్రకటించింది. ఓడిపోయి రాలేదు, గెలుస్తూ ఉండగానే వచ్చింది. ఎదటివాళ్లందరూ కంప్యూటర్ల సాయంతో లెక్కలు నేర్చి గట్టిపడ్డారు, పైన నిలబడాలంటే రోజంతా దానికే ధారపోయాలి. మొదట్లో ఉన్న సరదా ఆ కష్టంలో మిగల్లేదు. నిర్ణయమంటే నాకు ఇదే నిర్ణయంలా కనబడుతుంది. ఆమెకి తిరిగి రావడానికి చదువు ఉంది, తలుపు తెరిచి ఉంది.

అంచేత మా అబ్బాయి ఇలా అంటున్నాడని ఎవరైనా తల్లి వచ్చి అడిగితే నేను ధర్మరాజుని పిలవను. నాలుగు సంగతులు అడుగుతాను. ఖాతా పుస్తకం ఏదీ? ఆట పెట్టుబడి కాక, ముట్టకుండా విడిగా ఏడాది ఇంటి ఖర్చు ఉన్నదా? రెండేళ్ల తరవాత పాత ఆఫీసు తలుపు తడితే తీస్తారా? కోడలికి ఆ ఓడే రెండు నెలల సంగతి ముందే చెప్పాడా? ఈ ఆఖరి ప్రశ్న దగ్గరే చాలామంది నీళ్లు నములుతారు.

ఇంతకీ ఇది వృత్తేనా అన్న ప్రశ్న అమెరికా సుప్రీంకోర్టు ముందుకు కూడా వచ్చింది. ఇల్లినాయ్ రాష్ట్రంలో గ్రోట్సింగర్ అనే ఆయన ఒక కంపెనీలో ఇరవై ఏళ్లు పని చేశాక 1978 ఫిబ్రవరిలో ఆ కొలువు పోయింది. ఆయనది పేకాట కాదు, కుక్కల పందేలు. ఆ ఏడాదిలో 48 వారాలపాటు వారానికి ఆరు రోజులు పందేల మైదానానికి వెళ్లాడు. ఏ కుక్క ఎలా పరుగెత్తుతుందో చదివి లెక్కలు కట్టడంతో కలిపి వారానికి 60 నుంచి 80 గంటలు పని. వేరే ఉద్యోగం లేదు. పన్ను దగ్గర పేచీ వచ్చింది: ఇది వ్యాపకమా, వృత్తా? తొమ్మిదేళ్ల తరవాత, 1987లో, న్యాయమూర్తులు ఆరుగురు ఒక వైపు, ముగ్గురు ఒక వైపు మొగ్గి, ఆయనది నిక్షేపంలాంటి వృత్తేనని తేల్చారు. ఆ 1978లో ఆయన కాసిన పందేలు 72,032 డాలర్లు. తిరిగి వచ్చినవి 70,000.